ఎనభై అయిదా, నూట ముప్పై అయిదా, రెండు వందలా?

అయ్యలారా, అమ్మలారా! లెన్సు కొనకండి. ఎంచుకోండి. ఎంచుకుంటూనే ఉండండి!

కొనడం ఒక్క పూట పని. ఎంచుకోవడమంటారా, అది జీవితకాలపు వ్యాపకం. లెన్సు ఎంచుకునేవాడు పేకాడడు, పుకార్లు మొయ్యడు, పక్కవాడి పెరట్లోకి తొంగిచూడడు. తీరికేదీ? ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సుకీ నూట ముప్పై అయిదు మిల్లీమీటర్ల లెన్సుకీ మధ్య ఉన్న ఆ కాస్త సందులోనే అతని బతుకంతా భద్రంగా ఒదిగిపోతుంది. మనిషికి ఇంతకన్నా సుఖమైన జైలు ఎక్కడైనా ఉందా?

నమ్మకం కుదరకపోతే మా కెమెరా గ్రూపులోని పళ్ళ డాక్టరుగారి కథ వినండి.

డాక్టరుగారు నలభై ఆరేళ్ళ నెమ్మదస్తుడు. పన్ను పీకే ముందు కూడా పంటికి క్షమాపణ చెప్పుకునే రకం. ఒక్కతే కూతురు. మూడేళ్ళ కిందట, పదమూడో ఏట, ఆ పిల్ల స్కూలు హ్యాండ్‌బాల్ జట్టులో గోల్‌కీపరు అయింది. ఆ సంబరంలో ఆయన చిన్న మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి కొన్నాడు. డబ్బాలో దానితోపాటు ఒక చిన్న లెన్సు వచ్చింది. అది తగిలించుకుని మొదటి మ్యాచ్‌కి వెళ్ళాడు.

ఆట నాలుగు గోడల మధ్య, పెద్ద హాల్లో. పైకప్పుకి ఆరు లైట్లు. అందులో రెండు కన్నుకొడుతున్నాయి. తల్లిదండ్రుల కుర్చీలు ఓ చివర, అమ్మాయి నిలబడే గోల్ మరో చివర. ఇంటికొచ్చి ఫోటోలు చూస్తే, గోల్ ముందు నారింజ రంగు పొగ ఒకటి లేచి కనిపించింది.

"ఈ దయ్యం ఎవరు నాన్నా?" అంది కూతురు.

"నువ్వేనమ్మా. నారింజ రంగు జెర్సీ నీదే కదా."

"నాకు మూడు చేతులున్నాయే!"

"గోల్‌కీపరువి. ఎన్ని ఉంటే అంత మంచిది" అంది వాళ్ళమ్మ, పేపరులోంచి తల ఎత్తకుండా.

అదిగో, ఆ మూడో చెయ్యి పట్టుకునే డాక్టరుగారు మా గ్రూపులోకి వచ్చాడు.

మా గ్రూపుకి పెద్దదిక్కు మిల్లీమీటరు బాబాయి. ఆయన తీసిన ఫోటో ఎవరూ చూడలేదు గాని, ఆయన మాటకి తిరుగులేదు. "హాలు చీకటి" అని ఆయన తీర్పు చెప్పాడు. "నోరు పెద్దగా తెరిచి వెలుగంతా మింగే లెన్సు కావాలి. జూమ్ వద్దు. అన్నీ చేస్తానన్నవాడు ఏదీ సరిగ్గా చెయ్యడు. దూరాన్ని దగ్గర చేసేది, ఒకే కొలతకి కట్టుబడి ఉండేది, నిష్ఠ గలది చూసుకో."

నోరు పెద్దగా తెరవడమంటే ఏమిటో పళ్ళ డాక్టరుకి వేరే చెప్పాలా? ఆ పూటే మూడు లెన్సుల దగ్గర తేలాడు. ఎనభై అయిదు తేలిగ్గా ఉంటుంది, నోరూ పెద్దదే. కాని కుర్చీలోంచి చూస్తే అమ్మాయి చీమంత. రెండు వందలైతే అమ్మాయి నిండుగా కనబడుతుంది. కాని దాని బరువు పసిపిల్లంత, పైగా అమ్మాయి రెండడుగులు పక్కకేస్తే ఫ్రేములోంచి మాయం! మధ్యలో నూట ముప్పై అయిదు.

డాక్టరుగారి భార్య సర్వేయరు. భూములు కొలిచే మనిషి. మొగుడు రెండు రోజులు అన్నం ముందు కూర్చుని అంకెలు గొణగడం చూసి, టేపు పట్టుకుని హాలుకి నడిచింది. కుర్చీ కాలు దగ్గర ఒక చివర పెట్టి, గోల్ దాకా లాగింది.

"ఇరవై రెండున్నర మీటర్లు. గోల్ మొత్తం పట్టాలి, అంతేగా? నూట ముప్పై అయిదు సరిపోతుంది. కొనెయ్యండి. నాకు పనుంది, వెళ్తున్నా."

ఎంత ప్రమాదం! మూడేళ్ళు సాగాల్సిన సాధన మూడు నిమిషాల్లో ముగిసిపోబోయింది! వేళకి మేమున్నాం గనక సరిపోయింది. "తొందరపడకండి" అని మూకుమ్మడిగా రాశాం. నూట ముప్పై అయిదులో మాత్రం ఏది? నోరు ఒకటి పాయింట్ ఎనిమిది దాకా తెరిచేదా, రెండు దాకా తెరిచేదా? అందులో ఇంకో రకం త్వరలో వస్తోందట కదా? ఎవరన్నారు? ఎవరో అన్నారని ఎవరో అన్నారు. వస్తుందని తెలిసి తెలిసి ఇప్పుడే కొనేస్తే, వచ్చిన రోజున మన గతేమిటి?

డాక్టరుగారు అక్కడే ఆగిపోయాడు.

రెండు వందల దాని బరువు మెడకి అలవాటవుతుందో లేదో చూడాలని రెండు కిలోల ఇసుక పొట్లం కట్టి మెడలో వేసుకున్నాడు. అలాగే క్లినిక్‌కి వెళ్ళాడు. కుర్చీలో వెనక్కి వాలిన పేషెంట్ల ముక్కు మీద ఆ పొట్లం గడియారం లోలకంలా ఊగేది. అదేమిటని అడుగుదామంటే వాళ్ళ నోట్లో దూది! వారం తిరిగేసరికి డాక్టరు చేతబడి నేర్చుకుంటున్నాడని వీధిలో గుప్పుమంది. చిత్రమేమిటంటే, పేషెంట్లు పెరిగారు.

తర్వాత లెన్సులు అద్దెకు తెచ్చి పరీక్షించడం మొదలైంది. లెన్సు గుణం తేల్చడానికి ఇటుక గోడని మించిన సాక్షి లేదు. కదలదు, నవ్వమంటే మొహం చిట్లించదు. ఎదురుగా బేకరీవారి గోడ ఉండనే ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్నే స్టాండు నిలబెట్టి, ఒక్కో లెన్సుతో గోడవి వందేసి ఫోటోలు తీసేవాడు. నాలుగో ఆదివారం బేకరీ యజమాని చేతులకి పిండితోనే రోడ్డు దాటి వచ్చాడు.

"డాక్టరుగారూ, నాలుగు వారాలుగా చూస్తున్నాను. మా గోడకేమైనా అయిందా?"

"మధ్యలో బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు డాక్టరు, కెమెరాలోంచి కన్ను తియ్యకుండా. "మూలలే కాస్త మెత్తగా ఉన్నాయి."

"మెత్తగానా!"

"ఎడమ మూల మరీను. అంచు కూడా కొంచెం వంగుతోంది."

బేకరీ ఆయన పిండి చేతులతోనే తల పట్టుకున్నాడు. "ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఏముందండీ, కాస్త మూసి చూద్దాం. సర్దుకుంటుంది."

డాక్టరు చెప్పింది లెన్సు నోరు. బేకరీ ఆయనకి వినపడింది బేకరీ! మర్నాడే షాపు మూసేశాడు. తాపీమేస్త్రీని పిలిపించి ఎడమ మూల నిలువునా కూల్చి, కొత్త ఇటుకలతో కట్టించి, నున్నగా సిమెంటు పూయించాడు. తర్వాతి ఆదివారం డాక్టరుగారు తలుపు తీసి, ఆ మూల చూసి, మెట్ల మీద కూలబడిపోయాడు.

"అయ్యయ్యో! ఇన్నాళ్ళు తీసినవన్నీ పాత గోడవి. కొత్త గోడతో ఎలా పోల్చేది!"

గ్రూపంతా సంతాపం ప్రకటించింది. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టడమే ధర్మమని బాబాయి తేల్చాడు. బేకరీ ఆయన మాత్రం పెద్ద కేకు పట్టుకొచ్చి, "మీ కన్నే కన్ను! మీరు చూసి ఉండకపోతే గోడ మా నెత్తిన పడేది" అని చేతులు పట్టుకున్నాడు. చూశారా, ఎంచుకోవడం వల్ల లోకానికెంత మేలో!

అంతేనా? మిగతా తండ్రులు ఫైనల్స్‌కి మాత్రమే వచ్చేవాళ్ళు. మన డాక్టరుగారు మూడేళ్ళలో ఒక్క మ్యాచ్ వదల్లేదు. ఒక్క ప్రాక్టీసు వదల్లేదు. అద్దె లెన్సు ఏదో ఒకటి ఒళ్ళో పెట్టుకుని కుర్చీల ముందున్న కమ్మీకి ఆనుకుని కూర్చునేవాడు. అమ్మాయి బంతిని ఆపినప్పుడల్లా అటు తిరిగి చూసేది. నాన్న కెమెరా వెనక ఉండేవాడు. ఇలాంటి తండ్రి ఎందరికి దొరుకుతాడు?

ఈ నెల మొదట్లో అమ్మాయికి పెద్ద జట్టు నుంచి పిలుపొచ్చింది. స్కూలు జట్టు కాదు, ఇరవై స్కూళ్ళలోంచి ఏరి కూర్చే జట్టు. దరఖాస్తుతోపాటు ఆడుతుండగా తీసిన ఫోటో ఒకటి పంపాలి, మొహం తెలియాలి, శుక్రవారం లోగా చేరాలి అన్నారు. మిగతా పిల్లలు ఫోటో ఎక్కడ దొరుకుతుందా అని తలలు పట్టుకుంటే, మన అమ్మాయి కోచ్ ముందు నిలబడి నవ్వింది.

"మా నాన్న దగ్గర లేకపోతే ఇంకెవరి దగ్గరుంటుంది సార్!"

ఆదివారం భోజనాలయ్యాక డాక్టరుగారు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మొత్తం పదకొండు వేల ఫోటోలు. అందులో ఏడు వేలు గోడ. మిగిలిన నాలుగు వేలు హాల్లోవే. ఆయన హుషారుగా తెరిచాడు. మొదటి దాంట్లో కమ్మీ మీద నీళ్ళ సీసా. రెండో దాంట్లో సీసా. మూడో దాంట్లో మూత తీసిన సీసా.

అది శాస్త్రం! ముందున్న వస్తువు స్పష్టంగా ఉండాలి, వెనకాల ఉన్నదంతా ఎంత అందంగా కరిగిపోతే లెన్సు అంత గొప్పది. ఆ కరగడాన్ని మేం బొకే అంటాం. దానికోసం ప్రాణాలిస్తాం. సీసా మీది నీటిబొట్టు కూడా లెక్కపెట్టేట్టు ఉంది. వెనకాల, దూరంగా, మెత్తగా, నారింజ రంగు ముద్ద.

భార్య వచ్చి భుజం మీదుగా చూసింది.

"సీసా చక్కగా పడింది. పిల్లేదండీ?"

"అదిగో... వెనకాల."

"ఆ ముద్దా?"

"ఆఖరి నిమిషంలో పెనాల్టీ ఆపింది చూడు, ఆ రోజుది" అన్నాడు డాక్టరు.

ఇంతలో అమ్మాయి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్కటే జరుపుతూ పోయింది.

"ఇదీ నేనేనా?"

"నువ్వేనమ్మా."

"ఇది?"

"అది నువ్వూ మీ కోచ్‌సారూ."

"బాగా కలిసిపోయాం నాన్నా."

ఏడవలేదు, అరవలేదు. లేచి, కుర్చీ యథాస్థానంలో పెట్టి, "కోచ్‌కి ఉందని చెప్పేశాను" అని మాత్రం అని గదిలోకి వెళ్ళిపోయింది. పుచ్చిన పన్ను వదిలేసి మంచి పన్ను పీకిన డాక్టరు ఎలా ఉంటాడో, ఆయన అలా కూర్చుండిపోయాడు. సర్వేయరమ్మ కంప్యూటరు ఆపేసింది.

మర్నాడు సాయంత్రం ఆయన క్లినిక్ తాళం వేసి, మాకెవరికీ మాట మాత్రమైనా చెప్పకుండా హాలుకి వెళ్ళాడు. కెమెరాకి డబ్బాలో వచ్చిన ఆ చిన్న లెన్సే తగిలించాడు. కమ్మీ దగ్గర కూర్చోలేదు. చెప్పులు విప్పి, కోచ్ దగ్గరికి నడిచాడు.

"గోల్ పక్కన నిలబడతానండీ."

"అక్కడా? బంతి తగులుతుందండీ."

"తగలనివ్వండి."

తగిలింది. ఒకటి భుజానికి, ఒకటి చెవికి. మూడోదానికి కళ్ళజోడు ఎగిరి వలలో పడింది. "నాన్నా, తప్పుకో!" అని అమ్మాయి అరుస్తోంది. ఆయన తప్పుకోలేదు. అలా అరుస్తూనే అమ్మాయి రెండు చేతులూ చాచి, ఒక కాలు గాల్లోకి లేపి, దూసుకొచ్చిన బంతిని ఆపింది. ఆ క్షణాన్ని పట్టాడు.

ఇద్దరూ అక్కడే నేల మీద చతికిలబడి కెమెరా తెర చూశారు. ఫోటో నిండా ఇసుక చల్లినట్టు గరుకు. చేతులు పొగ. మొహం మాత్రం ఉంది. కళ్ళు బంతి మీద ఉన్నాయి. నోరు బార్లా తెరిచి ఉంది.

డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని తెరకి ముక్కు ఆనించాడు.

"ఈ పైపన్ను వంకర ఎప్పుడొచ్చింది?"

"రెండేళ్ళయింది నాన్నా."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు పళ్ళ డాక్టరువి కదా, చూసే ఉంటావనుకున్నా."

ఫోటో వెళ్ళింది, అమ్మాయికి జట్టులో చోటు దొరికింది, పంటికి తీగ కూడా పడింది. డాక్టరుగారు ఆ ఫోటో మా గ్రూపులో పెట్టాడు. "ఏ లెన్సు?" అని బాబాయి అడిగాడు. "డబ్బాలో వచ్చింది" అని ఆయన రాశాడు. కాసేపటికి "వెళ్ళొస్తాను" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయాడు. రాలేదు. చెట్టంత మనిషి, మా కళ్ళముందే చెడిపోయాడు! గోడ ముందు అంత ఓపికగా నిలబడేవాణ్ణి మళ్ళీ ఎక్కడినుంచి తెస్తాం?

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ సీసా ఫోటోలు మొదట వచ్చినప్పుడు "ఆహా, వెనకాల వెన్నలా కరిగింది!" అని ఒక్కోదాని కింద మెచ్చుకుంటూ రాసింది నేనే. ఆ వెన్నలో కరిగిన పిల్లకి ఆరోజు మోకాలు చెక్కుకుపోయిందని నాకేం తెలుసు?

మొన్న మా ఆవిడకి పాతికేళ్ళ సర్వీసు నిండిందని ఆఫీసులో సన్మానం తలపెట్టారు. ఇంట్లో తీసిన ఆవిడ ఫోటోలు నాలుగు పంపండి, గోడకి అతికిస్తాం అని అడిగారు. నేను పద్నాలుగు టెలిఫోటో లెన్సుల మీద వ్యాసాలు రాసినవాణ్ణి! ఠీవిగా కూర్చుని వెతికాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెతికాను. గోడలు దొరికాయి, సీసాలు దొరికాయి, ఆవిడ దొరకలేదు.

మా ఇంటిల్లిపాదీ ఉన్న ఫోటోలు పక్కింటావిడ ఫోనులో బోలెడున్నాయట. రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఏ మొహం పెట్టుకుని అడగమంటారు?