చివరి పేజీ లేని నీతి

మా కళాశాల సాహిత్యోపన్యాసకులవారు ‘బెంగాలీ, మరాఠీ కథానికల్లో స్త్రీ పాత్రలు, నీతిబోధ: తులనాత్మక పరిశీలన’ అనే అంశం మీద డాక్టరేటు సాధించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆయనకు ఆ రెండు భాషలూ రావు. అందువల్లనే దేనిపట్లా పక్షపాతం లేకుండా, రెండింటినీ అనువాదాల్లో చదివి సమదృష్టితో తూచగలిగారు.

“నీతి పనిచేస్తోందో లేదో మనుషుల మీద చూడాలి” అని పర్యవేక్షకులు సెలవిచ్చారు. మనుషులంటే ఆడమనుషులని వేరే చెప్పనక్కర్లేదు. అదృష్టవశాత్తూ ఉపన్యాసకులవారి ఇంట్లో ఇద్దరున్నారు. భార్యకు బెంగాలీ, బ్యాంకులో పనిచేసే చెల్లెలికి మరాఠీ కేటాయించారు. సాయంత్రాలు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని చదివి వినిపించేవారు. వాళ్ళు పని చేసుకుంటూ వినవచ్చునని ఉదారంగా సడలింపు కూడా ఇచ్చారు.

మొదటి బెంగాలీ కథలో ఇల్లాలు అందరికీ వడ్డించి, తాను పస్తుండి, నవ్వుతూ నవ్వుతూ చిక్కిపోయి చివరి పేజీలో కన్నుమూస్తుంది. చదువుతూ చదువుతూ ఉపన్యాసకులవారు రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నారు. మర్నాడు ఆయన ఇంటికొచ్చేసరికి భార్య భోంచేసి చెయ్యి కడుక్కుంటోంది.

“అదేమిటి, నేను రాకుండానే తినేశావా?”

“నిన్న మీరే చదివారుగా! వేళకి తినకే కదండీ ఆవిడ పోయింది. పాపం, ఎవరైనా ముందే చెప్పుంటే బతికేది.”

మరాఠీ కథలో అక్క రాత్రింబవళ్ళు బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివిస్తుంది. ఆమె పోయాక తమ్ముడు గోడకి నిలువెత్తు ఫోటో పెట్టిస్తాడు. అది విన్న చెల్లెలు ఆ నెల జీతం అన్నగారి చేతికివ్వలేదు.

“నీతి బాగా వంటబట్టింది అన్నయ్యా. ఫోటో నేనే తీయించుకుంటాలే” అంది.

భాషలు తారుమారు చేసి చూశారు. వదినా మరదళ్ళు ఇంకా చెడిపోయారు. పర్యవేక్షకులు తమ ఇంట ప్రయోగించగా, కథ సగంలో ఉండగానే ఆయన భార్య “మిగతాది పుట్టింట్లో చదువుకుంటా” అని పుస్తకంతో సహా వెళ్ళిపోయింది.

అయినా పరిశోధన ఆగలేదు. తేలిన ఫలితం ఇది: రెండు సాహిత్యాల్లోనూ నీతి పుష్కలం. సహనంలో బెంగాలీ ఇల్లాలు ఒక మెట్టు పైన, శ్రమలో మరాఠీ అక్క అరమెట్టు ఎక్కువ. లోపమల్లా వినేవాళ్ళది. వాళ్ళు కథ చివరిదాకా వింటున్నారు. కాబట్టి త్యాగం వరకు వినిపించి, ఫలితం రాకముందే ఆపేయడం శ్రేయస్కరం.

“తీసేసిన ఆ పేజీ మన సంస్కృతికి రక్షరేకు!” అని పరీక్షకులు లేచి నిలబడి కొనియాడారు. చివరి పేజీలు చింపిన సంకలనాన్ని ఊళ్ళోని ఆడవాళ్ళందరికీ ఉచితంగా పంచారు.

చిక్కు అక్కడే వచ్చింది. అర్ధంతరంగా ఆగిన కథ ఎవరినీ కుదురుగా ఉండనివ్వలేదు. బస్టాపుల్లో, ఆస్పత్రి వరసల్లో, ఆఫీసు మెట్ల మీద ఒకటే ప్రశ్న: “తర్వాతేమైందంటావు?”

ఒకరోజు భార్య పెద్ద వార్త మోసుకొచ్చింది.

“ఏవండీ, ఆ బెంగాలీ ఆవిడ పోలేదు. టైలరు షాపులో అందరం కూర్చుని తేల్చేశాం.”

“మీరు తేల్చడమేమిటి? రచయిత స్పష్టంగా చంపేశాడు!”

“ఆ పేజీ మీరే చింపించారుగా. ఇప్పుడది మా ఇష్టం.”

ఉపన్యాసకులవారు ఆరా తీశారు. “మరి... ఆవిడ భర్త?”

“ఆయనా క్షేమమే. వంట నేర్చుకుంటున్నాడు. మొన్న చెయ్యి కాల్చుకున్నాడు, పాపం.”

ఊరి పెద్దమనుషులు అత్యవసరంగా సభ జరిపారు. అధ్యక్షులవారు రుమాలు తీశారు. “ఆ తల్లి బతికుంటే మనం ఎవరిని తలుచుకుని ఏడవాలి? మన మెత్తని మనసు లోకానికి ఎలా తెలియాలి?” అన్నారు. ఆవిడ చావును వెంటనే యథాస్థానంలో పునరుద్ధరించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

సవరించిన ప్రతి అచ్చులో ఉంది. కరుణరసప్రియులైన పాఠక మహాశయులు రుమాళ్ళు ఉతికించి సిద్ధంగా ఉంచుకోవలసిందిగా మనవి. ఉతకడానికి మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు.