రొయ్య పడని పెళ్లికొడుకు

ఆ ఆదివారం పొద్దున్నే కామేశు వేసుకున్న పథకం చాలా చిన్నది. మందసలో బస్సెక్కే ముందు దద్దుర్ల బిళ్ల మింగాలి, పెళ్లిచూపుల్లో నాలుగు రొయ్యలు తినాలి, సంబంధం ఖాయం చేసుకుని రావాలి. పలాస సంతలో భానుని చూసిన నాటి నుంచి అతనికి నిద్ర లేదు. పిల్ల తండ్రి దాలయ్యేమో, రొయ్య తినలేనివాడికి పిల్లనివ్వనని తీరమంతా చాటింపు వేసి ఉన్నాడు. సముద్రం మీద బతికే ఇంట పుట్టి రొయ్య ముట్టుకుంటే ఒళ్లంతా దద్దుర్లు లేవడం ఖర్మ కాకపోతే ఏమిటి?

ఒక బిళ్ల చాలదేమోనని రెండు మింగాడు. ఆ మత్తుకి దాలయ్య ఇంట పీట మీదే కునికిపాట్లు పడ్డాడు.

"సిగ్గుపడతన్నాడు కామోసు," అని పిల్ల తల్లి నీలమ్మ మరో రెండు గరిటెలు వడ్డించింది. మూడో రొయ్యకి పెదవులు ఉబ్బాయి. అయిదో రొయ్యకి మెడ నుంచి మోచేతుల దాకా దద్దుర్లు తేలాయి. నిజం బయటపడితే సంబంధం గంగలో కలుస్తుంది. వెంట వచ్చిన కామేశు తల్లి రత్నాలమ్మ నోటికి తోచిన అబద్ధం ఆడేసింది.

"ఒలమ్మో! నా కొడుక్కి అమ్మోరు పోసిందే!"

అంతే, దాలయ్య లేచి లెంపలు వేసుకున్నాడు. నీలమ్మ వేపమండలు పరిచి కాబోయే అల్లుణ్ణి పడుకోబెట్టింది. పదిరోజులు మనిషిని కదపకూడదు, మందు వేయకూడదు, పెళ్లి ఊసు అసలే ఎత్తకూడదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొబ్బరికాయలతో దిగారు. ఒకావిడ, తన మొగుడు సారా ఎప్పుడు మానతాడో చెప్పమని కామేశు కాళ్లు పట్టుకుంది.

"అమ్మా, దురదతో సచ్చిపోతన్నాను. నిజం సెప్పీయే," అని గొణిగాడు కామేశు.

"నోర్ముయ్యిరా! గోక్కోకు, సూత్తన్నారు."

తలుపు చాటు నుంచి భాను అంతా గమనిస్తూనే ఉంది. "జొరం లేదు, ఏటీ లేదు. ముద్ద దిగీసరికి వచ్చీసిన అమ్మోరేటి?" అనుకుంది. సెల్‌ఫోన్లు ఇంకా ఊళ్లోకి రాని రోజులు. పక్కవీధికి పరుగెత్తి డాక్టరు తారకేశ్వరరావుని వెంటబెట్టుకొచ్చింది. ఆయన వస్తూనే సూది పొడిచాడు.

"ఇది ఎలర్జీ. మనొంట్లో రోగాల్ని తరిమీ కాపలోళ్లుంటారు. ఈ అబ్బాయొంట్లో వాళ్లకి తొందరెక్కువ. రొయ్యని సూసి దొంగనుకుని కర్రలట్టుకుని లేసినారు. దెబ్బలేమో ఇంటోడికే!"

కామేశు లేచి కూర్చున్నాడు. ఇక దాచి ప్రయోజనం లేదు. "నిజమే మావా, నాకు రొయ్య పడదు. మీ పిల్లంటే ఇట్టమై అబద్దమాడీసినాను. తప్పే."

భాను తల దించుకుని నవ్వుకుంది. దాలయ్య మీసం మాత్రం లేచింది. "రొయ్య తిన్లేనోడికి నా పిల్లనా?"

డాక్టరు సంచీ సర్దుకుంటూ, "అదేటి దాలయ్యా? ఏడాదికి రెండుసార్లు, ఏ పెళ్లి విందులోనో రొయ్య తినీసి వచ్చినప్పుడు, నీకు పొడిసీది ఈ సూదే గదా?" అన్నాడు.

నీలమ్మ గరిటె పట్టుకుని ముందుకొచ్చింది. "మరి ఇరవయ్యేళ్లు బట్టీ నానొండి పెట్టిన రొయ్యలు ఏటైపోనాయి?"

"పిల్లికి..." అన్నాడు దాలయ్య, నేల చూపులు చూస్తూ. "తిన్లేనంటే నలుగుర్లో పరువు పోద్దని." ఆ గరిటె ఎత్తు చూసి, గబుక్కున కామేశు పక్కకి చేరాడు. "అల్లుడా, ముహూర్తం ఎప్పుడెట్టుకుందుం?"

ఇరవయ్యేళ్లుగా ఆ ఇంట్లో రొయ్యలకూర మనసారా తిన్నది పిల్లి ఒక్కటే. దానికి మాత్రం ఒక్క దద్దురూ లేవలేదు.