ఊరి గోడల మీద అత్తగారు

ఆ రోజు పొద్దున గుమాస్తా వేసుకున్న పథకం ఏమంత గొప్పది కాదు. అత్తగారిని ఊరికి బస్సెక్కించాలి. అటునుంచి ఆఫీసుకు వెళ్ళాలి. సాయంత్రం ఇంటికొచ్చి ముఖం కడుక్కుని, కింది వాటాలో ఉండే ఇంటాయన మేడ మీదికి రాగానే వినయంగా నిలబడి, అద్దె ఒప్పందం ఇంకో రెండేళ్ళకు రాయించుకోవాలి. అంతే. నగర ప్రణాళికా కార్యాలయంలో పని కనుక, రాబోయే ఇరవై ఏళ్ళలో ఊరు ఎటు పెరుగుతుందో అతనికి బాగా తెలుసు. వచ్చే నెల తాను ఎక్కడుంటాడో మాత్రం తెలియదు.

ఇల్లు మారడమంటే అతనికి కోపం, విసుగు అన్నీ అయిపోయి ఇప్పుడు వట్టి నీరసం మిగిలింది. పెళ్ళయినప్పటినుంచీ మూటాముల్లె కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం. కిందటిసారి తెచ్చిన పెట్టెల్లో కొన్నిటిని భార్య ఇప్పటికీ విప్పలేదు. ఎందుకని అడిగితే, "మళ్ళీ కట్టాలి కదండీ" అంది మామూలుగా. ఆ మామూలుతనమే అతని గుండెలో గుచ్చుకుంది. ఈ ఇంట్లో కాళ్ళు చాపుకుని కొన్నాళ్ళు ఉండనిస్తే చాలు, ఇంక దేవుణ్ణి ఏమీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఇక అత్తగారిని అంత అర్జంటుగా బస్సెందుకు ఎక్కించాలంటే, ఆవిడ సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మనసు మెత్తన. గొంతు మాత్రం కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వెళ్ళడానికి అలవాటుపడ్డది. నిన్ననే మెట్ల మీద ఇంటాయన ఎదురైతే, "ఏం నాయనా, మోటారు నీ దగ్గరే పెట్టుకుని పైకి నీళ్ళు వదలవేం?" అని నలుగురూ వినేట్టు అడిగేసింది. ఇంకోసారి ఇద్దరూ ఎదురుపడితే ఒప్పందం సంగతి దేవుడెరుగు.

"అత్తయ్యా, బస్సు టైమవుతోంది" అన్నాడు గుమాస్తా.

"బస్సు టైము నాకు చెప్తున్నావా అల్లుడూ?" అంది ఆవిడ, సంచీ సర్దుకుంటూ.

"పాపం, అమ్మను అంత తొందరపెడతారేంటండీ" అని భార్య గొణిగింది. సరిగ్గా అప్పుడే ఆఫీసరు ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, పోస్టరుకు ఫోటో ఏదీ? ఆ అద్దెకున్నావిడ వస్తానందిగా?"

"రాలేనందండీ. వాళ్ళింటి ఓనరు ఒప్పుకోలేదట."

అద్దెకుండేవాళ్ళ రక్షణ కోసం కొత్త నిబంధనలు వచ్చాయి. సరైన కారణం చెప్పకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదనేది వాటి సారాంశం. దాన్ని జనానికి తెలియజేసే పోస్టరు ఆ పూటే అచ్చుకు వెళ్ళాలి. "నాకదంతా తెలీదు. మధ్యాహ్నానికల్లా ఒక ముఖం కావాలి. మీ ఇంట్లో మనుషులే లేరా?" అని ఆఫీసరు ఫోన్ పెట్టేశాడు.

గుమాస్తా ఆలోచించాడు. తన ముఖమో, భార్య ముఖమో వేస్తే ఇంటాయన కంటబడొచ్చు. అత్తగారైతే మరో గంటలో ఊళ్ళోనే ఉండదు. అయినా ఆ పోస్టర్లు చూసేదెవరు? ఆఫీసు పోస్టర్లను ఆఫీసు వరండాలోనే అంటించడం, టీ కోసం నిలబడ్డ ఆఫీసువాళ్ళే వాటిని చదవడం అక్కడి ఆనవాయితీ. ఆ ఆనవాయితీ మీద గుమాస్తాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు.

ఆఫీసు పెరట్లో అత్తగారిని గోడ ముందు నిలబెట్టారు. కెమెరా పట్టుకున్న సర్వేయరు, "కాస్త నవ్వండమ్మా" అన్నాడు.

"ఎందుకు నవ్వాలి? కన్నకూతురింట్లోంచి సంచీ చేతికిచ్చి పంపించేస్తుంటే నవ్వొస్తుందా ఎవరికైనా?" అని ఆవిడ సంచీని గుండెకు హత్తుకుని, పక్కనే నిలబడ్డ అల్లుడి వంక ఒక చూపు చూసింది. సర్వేయరు ఆ క్షణాన్నే నొక్కాడు.

ఫోటో చూసి ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. "ఇదయ్యా ముఖమంటే! ఈవిణ్ణి ఖాళీ చేయించే మొనగాడెవడు?" అని, తనే కలం తీసి కింద 'నేను కదలను' అని రాశాడు. ఈ సంబరంలో బస్సు కాస్తా వెళ్ళిపోయింది. జీవితంలో మొదటిసారి బస్సు తప్పిపోయిన అవమానంతో అత్తగారు ఇంటికి తిరిగొచ్చి, ఇంక వారం దాకా ప్రయాణం మాట ఎత్తొద్దంది. అదృష్టం కొద్దీ ఇంటాయన ఆ సాయంత్రం పైకి రాలేదు. పెద్ద రోడ్డులో ఆయనకు పరుపుల దుకాణం ఉంది. అక్కడేదో చిక్కొచ్చిందట. ఒప్పందం సంగతి తర్వాత చూద్దామని కబురు పెట్టాడు.

ఆ ఏడు ఆనవాయితీ గుమాస్తాను మోసం చేసింది. నగరాభివృద్ధి పథకం కింద ప్రచారానికని ఎవరో డబ్బు మంజూరు చేశారు. అది ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. ఒకనాటి ఉదయం బస్సు దిగిన గుమాస్తాకు బస్టాపులో నిలువెత్తు అత్తగారు కనబడింది. తర్వాతి వీధి మొదట్లోనూ అత్తగారే. సిగ్నల్ దగ్గర అత్తగార్లు వరసగా ఉన్నారు. ఎటు తిరిగినా సంచీ హత్తుకుని, 'నేను కదలను' అంటూ, అదే చూపు, తన మీదే. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఇంటాయన గేటుకు ఎదురుగా ఉన్న గోడ మీద కూడా ఆవిడే ఉంది.

అక్కడితో ఆగినా బాగుండేది. పోస్టరు అడుగున సలహాలకని ఒక ఫోన్ నంబరు అచ్చేశారు కానీ ఆ లైను ఇంకా కలపలేదు. ఎంత చేసినా మోగదు. అలాంటప్పుడు కూరగాయల కొట్టు దగ్గర సాక్షాత్తూ పోస్టరులోని మనిషే వంకాయలు ఏరుకుంటూ కనబడితే జనం ఊరుకుంటారా? మొదటిరోజు ఒకావిడ వెంట వచ్చింది. మర్నాడు నలుగురు. ఆదివారం నాటికి మెట్ల నిండా జనం.

"ముందుకు జరగండి, ముందుకు జరగండి! మెట్లకు అడ్డం నిలబడకండి! దిగేవాళ్ళకు దారివ్వండి!" అని అత్తగారి గొంతు మూడు వీధులకు వినబడుతోంది. రిటైరైన తర్వాత ఆవిడ ముఖంలో అంత కళ ఎవరూ చూడలేదు.

ఎవరికైనా ఆవిడ ఇచ్చే సలహా ఒక్కటే. "కూర్చో. మంచినీళ్ళు తాగు. ఇప్పుడు చెప్పు." వాళ్ళు చెప్పినంతసేపూ విని, చివర్లో, "ఖాళీ చెయ్యకు" అనేది. నిబంధనలన్నీ కంఠతా వచ్చిన గుమాస్తా పక్కనే నిలబడి, "మూడో అధ్యాయం ప్రకారం చూస్తే..." అని మొదలుపెడితే, వచ్చినవాళ్ళు మర్యాదగా ఒకసారి అతని వంక చూసి, మళ్ళీ ఆవిడ వైపు తిరిగేవారు. ఆ మంచినీళ్ళ కోసం రోజుకు రెండుసార్లు మోటారు వేయక తప్పలేదు ఇంటాయనకు.

చివరికి ఆయన అగ్గిమీద గుగ్గిలమవుతూ పైకి వచ్చాడు. "ఏమిటండీ ఇది? నా ఇంటి ముందే నా మీద పోస్టరా?"

"మీ మీద కాదండీ. అది మా ఆఫీసు వేసింది."

"ఓహో, ఆఫీసంతా మీ వెనకుందన్నమాట!"

"అయ్యో, ఆవిడసలు అద్దెకే లేరండీ. ఊరికే చూసిపోదామని వచ్చారు."

"అద్దెకు లేని మనిషే కదలనంటుంటే, ఉన్నవాళ్ళు కదుల్తారా?"

గుమాస్తా నిబంధనలన్నీ మనసులోనే తిరగేశాడు. ఈ ప్రశ్నకు జవాబు ఏ అధ్యాయంలోనూ లేదు.

అటు ఆఫీసరు మాత్రం ఆనందంతో ఉక్కిరిబిక్కిరి అవుతున్నాడు. ఆ ఆఫీసు వేసిన పోస్టరు పనిచేయడం అదే మొదలు. వెంటనే 'అద్దెదారుల సలహా కేంద్రం' అని బోర్డు రాయించి, ఎవరినీ అడక్కుండా ఇంటాయన గేటుకు కొట్టించాడు. రెండు రోజులకు అదే ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ బోర్డు చదివి, ఇంటాయనను పిలిచాడు. "ఇది నివాసాల ప్రాంతం. ఇక్కడ కార్యాలయం నడపకూడదు. చర్య తీసుకోవాల్సి ఉంటుంది."

"ఈ బోర్డు కొట్టింది మీ ఆఫీసే కదండీ!" అన్నాడు ఇంటాయన.

"అది పై అంతస్తు వాళ్ళండీ. మాది కింది అంతస్తు. మాకూ వాళ్ళకూ మాటల్లేవు."

ఇంటాయన నేరుగా మేడెక్కి, "నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యండి. కారణం కావాలా? కారణం గేటుకు వేలాడుతోంది చూసుకోండి" అని చెప్పి దిగిపోయాడు. గుమాస్తా భార్య అటక మీంచి పాత తాళ్ళు దింపింది. ఏడ్చినా, తిట్టినా అతను తట్టుకునేవాడే. ఆవిడ తాళ్ళకు పట్టిన దుమ్ము దులుపుతుంటే చూడలేక బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. "నేను రేపు వెళ్ళిపోతాలే అల్లుడూ" అంది. ఆ గొంతు వెనక సీటు దాకా కాదు కదా, పక్క మెట్టు దాకా కూడా వెళ్ళలేదు.

"మీ తప్పేం లేదత్తయ్యా. అంతా నా తెలివి" అన్నాడు అతను. ఆవిడ వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతుందని అప్పుడు అనిపించింది. అలా అనిపించినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే అత్తగారు సంచీతో తలుపు తీస్తే, మెట్ల మీద అప్పటికే వరస కట్టి ఉన్నారు. ఆ వరసలో అందరికన్నా చివర, తన ఇంటి మెట్ల మీద తనే బిక్కచచ్చి కూర్చుని, ఇంటాయన.

"నీకేమైంది నాయనా?" అంది అత్తగారు.

"దుకాణమమ్మా..." అన్నాడు ఆయన నేల చూపులు చూస్తూ. "రోడ్డు పెద్దదవుతోందట. ఆ కట్టడం కూల్చి అంతస్తులు లేపుతాడట. నన్ను పొమ్మంటున్నాడు."

"అదేంటి, ఆ దుకాణం నీది కాదూ?"

"పరుపులు నావమ్మా. గోడలు అద్దెవి."

అత్తగారు సంచీ కింద పెట్టింది. "లోపలికి రా. కూర్చో. మంచినీళ్ళు తాగు. ఇప్పుడు చెప్పు."

ఆయన చాలాసేపు చెప్పాడు. వయసంతా ఆ కొట్లోనే గడిచిందన్నాడు. "మనిషన్న మర్యాదైనా ఉండొద్దటమ్మా? నిలబెట్టి మాట్లాడతాడు. నెలాఖరుకు ఖాళీ చెయ్యమంటాడు. సామాను ఎత్తుకుని ఉన్నపళాన ఎక్కడికి పోతాడు మనిషి?" అని కళ్ళు తుడుచుకున్నాడు. గుమాస్తా ఇంటికప్పు వంక చూస్తూ నిలబడ్డాడు. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఖాళీ చెయ్యకు" అంది అత్తగారు. తర్వాత ఏమనుకుందో, "అల్లుడూ, మీ రూల్లో ఏముందో చెప్పు" అని ఇటు తిరిగింది.

ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "కూల్చి కొత్తది కట్టేట్టయితే, పాత దుకాణదారుకు కొత్త భవనంలో చోటిస్తానని రాసివ్వాలండీ. రాసివ్వకుండా ఖాళీ చేయించడానికి వీల్లేదు."

"నిజమేనామ్మా?" అని ఇంటాయన అత్తగారిని అడిగాడు.

"నిజమే" అంది ఆవిడ. అప్పుడు నమ్మాడు.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ కలిసి దుకాణం యజమాని దగ్గరికి వెళ్ళారు. గుమాస్తా నిబంధనల పుస్తకం తీసుకెళ్ళాడు కానీ తెరవాల్సిన పని పడలేదు. అత్తగారు సంచీ హత్తుకుని గుమ్మంలో నిలబడి చూసింది. ఊళ్ళో ప్రతి గోడ మీదా చూసిన ముఖం ప్రాణంతో వచ్చి గుమ్మంలో నిలబడేసరికి ఆ పెద్దమనిషి గబగబా కలం తీశాడు. కొత్త భవనంలో చోటు రాసిచ్చాడు, రోడ్డు వైపే. సలహా కేంద్రం బోర్డును తీసుకెళ్ళి పరుపుల దుకాణానికి తగిలించారు. అది వ్యాపార ప్రాంతం కనుక పై అంతస్తుకూ కింది అంతస్తుకూ పేచీ లేదు. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు పరుపుల మీద కూర్చుంటున్నారు. లేచేటప్పుడు ఒకరిద్దరు కొంటున్నారు కూడా.

నెలాఖరున ఇంటాయన ఒప్పందం పట్టుకుని తనంతట తనే పైకి వచ్చాడు. "రెండేళ్ళు కాదండీ, ఐదేళ్ళకు రాశాను" అన్నాడు. గుమాస్తాకు కళ్ళు చెమర్చాయి. ఐదేళ్ళు! ఎన్నాళ్ళుగా మోస్తున్న బరువో భుజాల మీంచి జారిపోయింది. "సంతకం ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

"మీరెందుకండీ? ఒప్పందం అమ్మగారి పేరు మీద రాశాను. ఆవిడ ఈ ఇంట్లో ఉన్నారంటే నాకు కొండంత అండ."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, టికెట్టు చింపినంత తేలిగ్గా సంతకం చేసింది. తర్వాత గుమాస్తా ఆ కాగితాలు తీసుకుని, వృత్తిధర్మం కొద్దీ మొదటినుంచి చివరిదాకా చదివాడు. మొత్తం మీద అతనికి వర్తించే షరతు ఒక్కటే కనబడింది: బంధువులెవరైనా వస్తే పది రోజులకు మించి ఉండరాదు.