గాజు సీసాలో బంగాళాదుంప కూర

ఆ ఉదయం గాజు సారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆహారాన్ని పరీక్షించే లాబ్‌లో ఆయనది పదిహేనేళ్ల సర్వీసు. డబ్బాల నుంచీ కవర్ల నుంచీ తిండిలోకి ఏం దిగుతోందో తేల్చడానికి అక్కడ కొత్త విభాగం తెరుస్తున్నారు. దానికి పెద్ద ఎవరో ఆ మధ్యాహ్నమే డైరెక్టర్ ప్రకటిస్తాడు. ఆ కుర్చీ తనదేనని గాజు సారు ఎప్పుడో తీర్మానించుకున్నాడు. అయినా ఒక రుజువు చేతిలో ఉంటే తిరుగుండదని, తన ఇంటి కూరనూ క్యాంటీన్ కూరనూ పక్కపక్కన పరీక్ష చేయించి డైరెక్టర్ ముందు పెట్టాలనుకున్నాడు.

గాజు సారు అన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు. వేడి తిండి ప్లాస్టిక్‌కు తగిలితే అందులోని రసాయనాలు కూరలోకి దిగి, ఒంట్లో హార్మోన్లను తికమక పెడతాయని ఇంట్లో ప్రకటించిన రోజే డబ్బాలన్నీ గడప దాటాయి. వాటి వెనకే నాన్‌స్టిక్ పెనం, గరిటెలు, చివరికి మిక్సీ జారు కూడా. మిగిలినవి నాలుగు గాజు సీసాలు, ఒక ఇనుప మూకుడు. ఆయన భార్య పోస్టాఫీసు కౌంటర్లో ఎనిమిదింటికల్లా కూర్చోవాలి. అడుగంటిన ఆ మూకుడు గీకలేక మొదటి వారంలోనే మూడుసార్లు ఏదో చెప్పబోయింది. మూడుసార్లూ ఆయన హార్మోన్ల గురించి మొదటి నుంచీ వివరించాడు. నాలుగోసారి ఆమె నోరెత్తలేదు. పైగా రెండు నెలలుగా తెల్లవారగానే వాకింగ్‌కు కూడా వెళ్తోంది, కూరలూ అమోఘంగా కుదురుతున్నాయి. తన మాట వింటే ఇల్లు ఎలా బాగుపడుతుందో చూడండని ఆయన లాబ్‌లో అందరికీ చెప్పుకున్నాడు.

ఆ రోజు ఇంటి నుంచి వచ్చింది బంగాళాదుంప కూర. క్యాంటీన్‌లోనూ అదే. పోటీకి ఇంతకన్నా ఏం కావాలని గాజు సారు మురిసిపోయి రెండు నమూనాలూ యంత్రం చూసే అమ్మాయికి అప్పగించాడు. రెండు గంటల తర్వాత ఆమె కాగితం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఉండకూడని రసాయనం క్యాంటీన్ కూరలో రెండు పాళ్లు. గాజు సారు ఇంటి కూరలో నలభై ఒకటి.

"చీటీలు తారుమారు చేశావమ్మా," అన్నాడాయన.

ఆమె ఆయన కళ్ల ముందే మళ్లీ చేసింది. మళ్లీ నలభై ఒకటి. యంత్రం మురికిగా ఉందన్నాడు. విప్పి కడిగించాడు. అప్పటికే వరుసలో ఉన్న పాలు, నూనె, పసిపిల్లల తిండి నమూనాలన్నీ ఆగిపోయి, మిగతా విభాగాలవాళ్లు తలుపు దగ్గర గుమిగూడారు. మళ్లీ నలభై ఒకటే వచ్చింది. సీసా మూతలో రబ్బరు చుట్టు మీద పడ్డాడు, అదీ నిర్దోషి. తలుపు దగ్గరివాళ్లు చెప్పారో, ఆలస్యం చూసి తానే వచ్చాడో, డైరెక్టర్ లోపలికి అడుగుపెట్టేసరికి గాజు సారు చొక్కా తడిసి ముద్దయింది. ఇక మిగిలింది క్యాంటీన్‌లో వండిపెట్టే ఆవిడే. ఆమె తన సీసాలోని కూర కాజేసి వేరేది పోసిందని, పిలిపించి నిలదీస్తే నిజం బయటపడుతుందని డైరెక్టర్‌తో గట్టిగా చెప్పాడు.

ఆమెకు ఆయన మీద కోపం రావడానికి కారణాలు ఉన్నాయి. ఆమె వంటను ఆయన రోజూ ఈసడించేవాడు. నెల క్రితం తన సీసాలోంచి ఒక చెంచా రుచి చూపించి, వంటంటే ఇదీ, మా ఆవిడ దగ్గర నేర్చుకోమని హితవు కూడా చెప్పాడు. ఇప్పుడామె చేతులు తుడుచుకుంటూ వచ్చి, సీసా మూత తీసి వాసన చూసింది.

"ఇది నా కూరే సారూ."

"విన్నారా సార్? మార్చేసిందని నేను చెప్పలేదా?" అన్నాడు గాజు సారు డైరెక్టర్‌తో.

"నేనెందుకు మారుస్తాను? పొద్దున్నే మా ఇంటి దగ్గర, క్యాంటీన్‌కు వండిన దాంట్లోంచే కవర్లో పోసిచ్చాను. పోస్టాఫీసు అమ్మగారు రెండు నెలలుగా రోజూ పట్టుకెళ్తారు. పొయ్యి మీంచి దించింది దించినట్టే కవర్లో పోసి ముడేస్తాను. ఆ చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడే తెలిసింది నాదేనని. మీరంత మెచ్చుకుంటుంటే పాడుచేయడం ఎందుకులే అని ఊరుకున్నాను."

గాజు సారు వెంటనే భార్యకు ఫోన్ చేశాడు. కంగారులో స్పీకర్ నొక్కిన సంగతి గమనించలేదు.

"కూర బయటినుంచి తెస్తున్నావా?"

అవతలి నుంచి ఆమె గొంతు తాపీగా వచ్చింది. "తెస్తున్నానండీ. పెనం తీసేశారు, గరిటెలు తీసేశారు, మిక్సీ తీసేశారు. వంట మాత్రం నాకే ఉంచారు. ఒక్క పూట మీరు వండుతానన్నారా? గాజులో పెట్టమన్నారు, గాజులోనే పెట్టాను. కౌంటర్ దగ్గర జనం ఉన్నారు, ఉంటాను."

ఆయనకు నిజంగా సిగ్గేసింది. నలభై ఒకటి కన్నా ఆ 'ఒక్క పూట' అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది.

డైరెక్టర్ మాత్రం కాగితం వదలడంలేదు. ఒకే పొయ్యి, ఒకే కూర, తేడా అంతా ఆ కవర్‌దే. ఏళ్ల తరబడి ఆలోచించినా ఇంత చక్కని ప్రయోగం కుదరదని, ఇది చేసిన గాజు సారు భార్యను పిలిచి మాట్లాడించాల్సిందేనని అన్నాడు. గాజు సారు గొంతు సవరించుకుని, కొత్త విభాగం సంగతి ఏమైందని అడిగాడు.

"యంత్రం విప్పి కడిగించినా తన లెక్క మీద నిలబడింది కదా ఆ అమ్మాయి. విభాగం తనకే ఇస్తున్నాను," అన్నాడు డైరెక్టర్.

మర్నాటి నుంచి వంట తనదేనని గాజు సారు ఇంట్లో మాటిచ్చాడు, నాలుగు రోజులు ఇనుప మూకుడుతో కుస్తీ కూడా పట్టాడు. అయిదో రోజు తెల్లవారగానే వాకింగ్‌కు బయల్దేరాడు, చేతిలో స్టీలు క్యారియరుతో.