దుప్పట్లక్క ముఖహాజరు

సెల్‌ఫోను మాట్లాడుకోవడానికి పుట్టిన వస్తువు కాదు. ఈ మహాసత్యాన్ని చర్చ మొదలైన రెండో రోజుకి ఆ ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఫోనంటే కెమెరా, మాటలు కొసరు. ఇక తేలాల్సింది ఎలాంటి కెమెరా అన్నదొక్కటే. రెండు రోజులుగా బండి అక్కడే దిగబడింది.

"ముందు అద్దం చూడాలి. అద్దం మంచిదైతే తక్కినవన్నీ వాటంతటవే వస్తాయి," అన్నాడు ఇంటాయన. ఆయన కళ్లజోళ్ల దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా ఫ్రేములు బిగిస్తున్నాడు. అందుచేత లోకంలో గాజుతో చేసిన ఏ వస్తువు మీదైనా తుది తీర్పు తనదేనని ఆయన నమ్మకం (వంటింటి కిటికీ అద్దం పగిలినప్పుడు మాత్రం అది వేరే శాఖ అన్నాడు).

"ఇప్పుడు అద్దం ఎవరు చూస్తున్నారు నాన్నా? లోపల ఏఐ ఉంటుంది. మొహం ఎలా ఉన్నా అదే సర్దేస్తుంది," అంది కూతురు.

"సర్దడాలు తర్వాత. దూరానివి దగ్గరికొస్తాయా లేదా చెప్పండి," అంది అత్తగారు. "ఎదురింట్లోకి కొత్తగా దిగినావిడ ఆరేసిన బట్టలే మళ్లీ ఆరేస్తోందో, నాకే అలా కనపడుతోందో మూడు నెలలుగా తేలట్లేదు."

"నానమ్మా, ఫోను నీక్కాదు. అమ్మకి."

"అమ్మకి కొంటే నేను చూడకూడదని రాసుందా?"

అమ్మ, అంటే ఎవరి కోసం ఈ సభ జరుగుతోందో ఆవిడ, తిన్న కంచాలు తీసుకెళ్తూ, "నా మొహం దానికి కనపడితే చాలు," అంది. సభ ఈ అభిప్రాయాన్ని నమోదు చేసుకోలేదు.

ఆవిడని పెద్దాసుపత్రిలో దుప్పట్లక్క అంటారు. అయిదంతస్తుల ఆసుపత్రిలో రోగులు కప్పుకునే ప్రతి దుప్పటీ ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతుల మీదుగానే ఉడికి, నీళ్లోడి, ఆరి, మడతలు పడుతోంది. లాండ్రీ ఇన్‌ఛార్జి పదవి ఈలోగా రెండుసార్లు ఖాళీ అయింది. రెండుసార్లూ 'లాండ్రీ విభాగంలో అర్హులెవరూ కనబడలేదు' అని రాసి, స్టోర్సు నుంచి ఒకరినీ, తోటపని నుంచి ఒకరినీ తెచ్చి కూర్చోబెట్టారు. తోటాయన పోయిన నెలే పదవీ విరమణ చేశాడు. కుర్చీ మూడోసారి ఖాళీ అయింది. ఈసారి జాబితాలో దుప్పట్లక్క ఉంది. నెలాఖరుకి ఆర్డరు. ఒకటే నిబంధన: ఆ నెలలో మూడు గైర్హాజర్లు పడితే జాబితా లోంచి పేరు తీసేస్తారు.

ఇరవై రెండేళ్లలో ఒక్క రోజూ మానని మనిషికి ఇదేం నిబంధన అని మీరనుకోవచ్చు. కానీ ఆవిడకి అప్పటికే రెండు పడ్డాయి.

కిందటేడు ఆసుపత్రి యాజమాన్యం సంతకాల పుస్తకం ఎత్తేసింది. సంతకం అబద్ధమాడగలదు, ముఖం ఆడలేదు అని సర్క్యులర్ ఇచ్చింది (దాని మీద సంతకం ఉంది). బదులుగా 'సుముఖం' అనే యాప్ పెట్టారు. ఉద్యోగి ఉదయం ఏడూ ముప్పావుకీ ఎనిమిదింపావుకీ మధ్య, మెయిన్ గేటు దగ్గర, సొంత ఫోనుకి సొంత ముఖం చూపించుకోవాలి. రోజుకి మూడు ప్రయత్నాలు. మూడూ తప్పితే ఆ మనిషి ఆ రోజుకి లేడు.

ఎనిమిది నెలలు ఏ పేచీ లేదు. ఆరేళ్లుగా లాండ్రీ ఆవిరికి మసకబారిన పాత ఫోను కెమెరా మసకమసకగా ఏదో తీసేది, యాప్ మసకమసకగా ఒప్పుకునేది. ఆ శుక్రవారం 'సుముఖం' కొత్త వెర్షన్ వచ్చింది. 'మీ ముఖం అస్పష్టంగా ఉంది. స్పష్టమైన ముఖంతో రండి' అంది. వరసగా రెండు రోజులు అలాగే అంది. ఆ రెండు రోజులూ ఆసుపత్రిలో ఆరువందల నలభై దుప్పట్లు వాటంతటవే ఉతుక్కుని, వాటంతటవే మడతలు పడ్డాయని రికార్డు.

మర్నాడు ఏ డ్యూటీలేని ఆదివారం కావడం ఆవిడ అదృష్టం. సభ యావత్తూ ఫోన్ల షాపుకి కదిలింది.

షాపులో చొక్కాకి 'కెమెరా సలహాదారు' అని బిళ్ల తగిలించుకున్నాయన ఎదురొచ్చాడు. నాలుగు ఫోన్లు వరసగా పేర్చాడు. ఒకదానితో చంద్రుడి మీద గుంటలు లెక్కపెట్టొచ్చన్నాడు. ఇంకోదానితో చీకట్లో పిల్లిని తియ్యొచ్చన్నాడు (వాళ్లింట్లో పిల్లి లేదు, చీకటికి మాత్రం లోటు లేదు). ఇంటాయన ప్రతి ఫోనునీ వెనక్కి తిప్పి, జేబులోంచి రుమాలు తీసి అద్దం తుడిచి, ఒక కన్ను మూసి చూశాడు. అత్తగారు రోడ్డవతలి చెప్పుల దుకాణం బోర్డులో చిన్నక్షరాలు చదివి వినిపించింది. కూతురు నాలుగింటితోనూ తననే తీసుకుంది.

"అమ్మా, మీకు ముఖ్యంగా దేనికండీ?" అని సలహాదారు ఎట్టకేలకు దుప్పట్లక్కని అడిగాడు.

"డ్యూటీలో ఉన్నానని చెప్పడానికి బాబూ."

ఆయన కాసేపు ఆలోచించి, అన్నిటికన్నా పెద్ద ఫోను చేతిలో పెట్టాడు. "అయితే ఇదండీ. మంచు, పొగ, మసక ఏదున్నా దానంతటదే తీసేస్తుంది. దీన్నుంచి ఏదీ దాగదు."

గుడ్డికన్నా మెల్ల మేలనుకుని వచ్చిన మనిషికి గద్దకన్ను దొరికింది. అందరూ సంతోషంగా ఇంటికొచ్చారు.

సోమవారం ఏడూ ముప్పావుకి దుప్పట్లక్క మెయిన్ గేటు దగ్గర నిలబడి కొత్త ఫోను ఎత్తింది. తెర మీద తన మొహం చూసి తనే కొంచెం జంకింది. నుదుటి మీద చిన్నప్పుడు పడ్డ దెబ్బ తాలూకు గీత దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి. యాప్ ఒక చక్రం తిప్పింది. 'ముఖం సుస్పష్టం. అభినందనలు. ఈ ముఖం మీది కాదు' అంది.

జుట్టు సర్దుకుని మళ్లీ తీసింది. 'మీది కానేకాదు' అంది. ఇంకొక్క ప్రయత్నం మిగిలింది.

ఎనిమిదికి తెరవాల్సిన పద్నాలుగో నంబరు గదిని ఆ రోజు పొరపాటున ఎనిమిదికే తెరిచారు. అందులో ముఖ సరిపోలిక అధికారి కూర్చుంటాడు. మర్యాదస్తుడు. ఆవిడ గోడు పూర్తిగా విని, కంప్యూటరు తెర ఆవిడ వైపు తిప్పాడు.

"ఇదమ్మా, మా దగ్గరున్న మీ ముఖం."

తెర మీద తెల్లటి మబ్బుంది. మబ్బులో ఒక చోట కొప్పు లాంటిది, ఒక చోట చెవి లాంటిది ఉన్నాయి.

"ఇది నేనెక్కడండీ?"

"మీరేనమ్మా. కింద రాసుంది చూడండి."

దుప్పట్లక్కకి అప్పుడు గుర్తొచ్చింది. ముఖాల నమోదుకి మనుషులు లాండ్రీకొచ్చిన రోజు బాయిలర్ మూత తెరిచే వేళ. పక్కకి రమ్మంటే దుప్పట్లు మాడిపోతాయని ఆవిడే కదల్లేదు. "ఇక్కడే తీసుకోండి బాబూ, ఎక్కడ తీసినా అదే మొహం కదా," అంది. వాళ్లు తీసుకున్నారు. పాత ఫోను మసక, ఈ ఆవిరి మసక ఎనిమిది నెలలు ఒకదాన్నొకటి చూసి మురిసిపోయాయి. కొత్త వెర్షన్ వచ్చి స్పష్టత అడిగింది. స్పష్టంగా ఉన్న మనిషి మబ్బుతో సరిపోలాలి. అంతే.

"దీన్ని మార్చండి సార్."

"తప్పకుండా. ముఖ సవరణకి దరఖాస్తు ఉంది." సొరుగు లోంచి కాగితం తీసి, సగం ఇచ్చి ఆగాడు. "మీకు ఇవాళ హాజరు పడిందా?"

"పడితే నేనిక్కడికెందుకొస్తానండీ?"

"హాజరైనవారే దరఖాస్తు పెట్టుకోవాలమ్మా. లేని మనిషి నుంచి నేను కాగితం ఎలా తీసుకుంటాను? రేపు నన్నడుగుతారు." కాగితం మళ్లీ సొరుగులో పెట్టాడు. నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించాడు. "కూర్చోండి, మంచినీళ్లు తాగుతారా?" అని కూడా అన్నాడు (లేని మనిషికి నీళ్లివ్వకూడదన్న నిబంధన లేదు).

దుప్పట్లక్క బయటికొచ్చింది. ఎనిమిదీ అయిదు. లాండ్రీలో కావలసినంత ఆవిరి ఉంది. కానీ లాండ్రీ వెనక గేటు వైపు. అక్కణ్ణుంచి హాజరు వెయ్యబోతే 'మీరు ఆసుపత్రిలో లేరు' అంటుంది యాప్. మెయిన్ గేటు పక్కన ఉన్నది కాంటీన్. కాంటీనాయన స్టవ్వు మీద ఇత్తడి టీ డ్రమ్ము కుతకుతలాడుతోంది.

"తమ్ముడూ, ఒకసారి ఆ మూత తియ్యి."

"టీ ఇంకా మరగలేదక్కా."

"నాక్కావలసింది టీ కాదు."

కాంటీనాయన మూత తీశాడు. ఆవిరి గుప్పున లేచింది. దుప్పట్లక్క దాని వెనక్కి చేరి మొహం పెట్టి ఫోను ఎత్తింది. తెర మీద ఆవిరి ఒక్క క్షణం కనపడి, సలహాదారు మాటిచ్చినట్టే, దానంతటదే మాయమైంది. ఆవిడ మొహం, ఆ గీతతో సహా, నిగనిగలాడుతూ నిలబడింది. నొక్కబోయిన వేలు ఆవిడ వెనక్కి తీసుకుంది.

ఎనిమిదీ తొమ్మిది. కూతురికి ఫోను చేసింది (ఆ ఫోనుతో మాట్లాడ్డం అదే మొదలు).

"ఇది ఆవిరిని తుడిచేస్తోందే."

"బాగుంది కదమ్మా."

"నా ఉద్యోగాన్ని కూడా తుడిచేస్తోంది. ఆపడం ఎలాగో చెప్పు."

కూతురు చెప్పింది: సెట్టింగ్సులోకెళ్లి దృశ్యశుద్ధి ఆపు. ముఖకాంతి ఆపు. పొగమంచు నివారణ ఆపు. ఏఐ ఆపు. లోపల ఎక్కడో అత్తగారి గొంతు, "దూరానివి దగ్గరికి రావడం మాత్రం ఆపొద్దని చెప్పవే," అంటోంది. ఏ గుణాలు చూసి ఆ ఫోను కొన్నారో అవన్నీ ఒక్కొక్కటీ ఆపేశాక మిగిలినది మంచి స్పష్టమైన కెమెరా. అది ఉన్నదున్నట్టు, ఆవిరిని ఆవిరిలాగా, చుక్క చుక్క విడివిడిగా తీసింది.

చక్రం తిరిగింది. కాంటీనాయన మూత పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

'స్వాగతం. మీరు మీరే.' ఎనిమిదీ పద్నాలుగు.

"టీ తాగుతావా అక్కా?" అన్నాడు కాంటీనాయన.

"ఇప్పుడు తాగుతాను."

వెంటనే దరఖాస్తు పెట్టుండొచ్చు కదా అనే వాళ్లుంటారు. పెట్టింది. సవరణ జరిగే ఇరవై పనిదినాలూ పాత ముఖంతోనే రావాలన్నారు. అందుకని ఇంట్లో రెండో సభ జరిగింది. వేడినీళ్ల ఫ్లాస్కు కొనాలి, ఎలాంటిది? సన్నమూతిదైతే ఆవిరి సూటిగా లేస్తుందని, వెడల్పు మూతిదైతే మొహమంతా పరుచుకుంటుందని ఇంటాయన కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. కాంతి ఎటు వంగుతుందో బాణాలు కూడా వేశాడు. కూతురు రెండు రకాలూ ఇరుగుపొరుగు నుంచి అడిగి తెచ్చి, రెంటితోనూ ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టింది. అత్తగారు ఫోటోల్ని పెద్దవి చేసి చూసి, "ఈ రెండోదాంట్లో అమ్మాయి కొంచెం కనపడుతోంది, ఇది పనికిరాదు," అని తేల్చింది. సన్నమూతిది కొన్నారు.

అప్పట్నుంచి ప్రతి ఉదయం మెయిన్ గేటు దగ్గర దుప్పట్లక్క ఫ్లాస్కు మూత తిప్పడం, ఆవిరి లేవడం, యాప్ ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడం అలవాటైపోయింది. గేటు గార్డు మొదట్లో నవ్వాడు. తర్వాత ఆవిడ ఆవిరికి గాలి తగలకుండా అడ్డం నిలబడడం మొదలుపెట్టాడు.

నెలాఖరున ఆర్డరు వచ్చింది. లాండ్రీ విభాగంలో అర్హురాలు ఒకరు స్పష్టంగా కనబడ్డారని, హాజరు నాణ్యతలో ఆవిడ ముఖం ఆసుపత్రి మొత్తానికి మొదటి స్థానంలో ఉందని, అందుచేత ఇన్‌ఛార్జిగా నియమిస్తున్నామని రాశారు. కొత్త గుర్తింపు కార్డు జతచేశారు. అందులో మబ్బు ఉంది. కార్డుతో పాటు పద్నాలుగో గది నుంచి ఒక చీటీ: తమ సవరణ మంజూరయింది, నచ్చిన ఫోటో ఒకటి పంపగలరు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మూడో సభ తనంతట తనే మొదలైంది.

"నేను తీస్తాను. కిటికీ పక్కన, వెలుతురు ఎడమ నుంచి పడాలి," అన్నాడు ఇంటాయన.

"ఆపినవన్నీ మళ్లీ ఆన్ చేస్తే పదేళ్లు తగ్గుతావమ్మా," అంది కూతురు.

"ఆ నీలం చీర కట్టుకో అమ్మాయ్, వెనక నేను కొంగు సర్దుతూ నిలబడతాను, కనపడనులే," అంది అత్తగారు.

కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ దుప్పట్లక్క, ఉప్పు తక్కువైందన్నంత నెమ్మదిగా చెప్పింది.

"ఫోటో ఏమీ పంపట్లేదు."

ముగ్గురూ తలెత్తారు.

"ఈ మొహాన్ని ఇరవై రెండేళ్లు రోజూ తీసుకెళ్లి చూపించాను. ఎవరికీ కనపడలేదు. ఆవిరికి నెల తిరక్కుండా ఇన్‌ఛార్జి ఇచ్చారు. దాన్నే ఉండనివ్వండి."

అత్తగారు లేచి, రేపటికి ఫ్లాస్కు కడిగి బోర్లించింది.