రెండు పొట్లాలు, ఒక ప్రాసెసర్

మా ఆయన ప్రతాప్‌కు గేములాడే కంప్యూటర్ సొంతంగా బిగించుకోవాలని బుద్ధి పుట్టింది.

"చెప్పుల డబ్బా అంతే ఉంటుంది యోగా. ఇంట్లో ఉన్నట్టే తెలీదు" అన్నాడు.

ఇంట్లో ఉన్నట్టే తెలియని వస్తువు ఇప్పటికే ఒకటి ఉంది, భోజనం వేళకు మాత్రం తెలుస్తుంది.

ప్లగ్గు ఉన్న అలమర ఒకటే, అదీ పాప ఊయల పక్కన. మా జయప్రియ పక్కవీధిలో మిక్సీ తిరిగినా లేస్తుంది. లేస్తే పడుకోబెట్టడం నా వంతు, పడుకోవడం వాళ్ళ నాన్న వంతు.

"శబ్దం వస్తుందా మామా?"

"అది ప్రాసెసర్‌ను బట్టి."

ప్రాసెసర్లు రెండు రకాలట. చిన్నదానికి ఆరు కోర్లు, చల్లగా పనిచేస్తుంది. పెద్దదానికి పదహారు. కోరంటే మెదడు లాంటిదట. ఒక్క మెదడుతో ఈయన చేసే పనులకే నాకు తల తిరుగుతోంది.

"పెద్దది తొంభై అయిదు డిగ్రీలదాకా కాగుతుంది. దానికేం కాదు."

"అంతేనా? పాపకే తొంభై ఎనిమిది ఉంటుంది కదా."

"అది జ్వరం లెక్క. ఇది నీళ్ళు మరిగే లెక్క."

తొమ్మిదో తరగతితో బడి మానేసిన నాకు తెలిసిన డిగ్రీలు రెండే: థర్మామీటర్‌లోది ఒకటి, ఈయన చదివింది ఒకటి. రెండోదానితో ఇంతవరకు ఏదీ కాగలేదు.

"ఆ వేడికి ఫ్యాను అరవదా?"

"కుక్కర్ అంత అరవదు."

అంటే కుక్కర్‌తో పోల్చి చూసుకున్నాడన్నమాట.

"చిన్నదే తెప్పించు."

"పెద్దదే."

"చిన్నదే మామా."

"పెద్దదే అంటా ఉండాను కదా."

రాగిముద్ద కెలుకుతున్న అత్త గౌరమ్మ తల తిప్పకుండానే అంది: "ఏమిటికి అరుచుకొంటారు? పూవు అడుగుదాము."

మా ఇంట్లో తెగని తగాదా అమ్మవారి పటం ముందరే తెగుతుంది. ఒక పొట్లంలో తెల్లపూవు, ఒక పొట్లంలో ఎర్రపూవు కట్టి, పసిబిడ్డ చేత తీయిస్తారు. బోరు ఎక్కడ వేయాలో అలాగే తేలింది. నన్ను కోడలిగా తెచ్చుకోవాలా అన్నదీ అలాగే తేలిందట. ఏ పూవు వచ్చిందో అత్త ఇప్పటికీ చెప్పదు.

తెల్లపూవు వస్తే చిన్నది, ఎర్రపూవు వస్తే పెద్దది. పొట్లాలు కట్టే పని నాకు అప్పగించారు.

రెండింట్లోనూ నందివర్ధనమే పెట్టి, చెంపలు వేసుకున్నాను. బిడ్డ నిద్ర కోసం చేశానని అమ్మవారికి తెలియదా.

పాపను పటం ముందు వదిలాం. అది రెండు పొట్లాలూ పట్టుకుని, ఒకటి నోట్లో పెట్టుకుంది.

"రెండూ తీసింది. రెండూ విప్పు" అంది అత్త.

పాప నోట్లోది లాగి బొడ్లో దోపుకున్నాను. "ఎంగిలైంది అత్తా. ఎంగిలిది అమ్మవారి ముందర విప్పకూడదు."

మిగిలినది విప్పాను. పూవు తెల్లగా నవ్వింది. మా ఆయన ముఖం వేలాడేశాడు. నాకే జాలేసి దోసెలు పోశాను.

మూడో దోసె పెనం మీద ఉండగా బెంగళూరు నుంచి పార్సిల్ వచ్చింది. లోపలి అట్ట మీద ఆరు కోర్లని ఉంది.

"ఇప్పుడే కదా మామా పూవు అడిగింది. అంతలో ఎట్ల వచ్చె?"

"పోయిన వారమే చెప్పి పెట్టినాను. పెద్దది ఈ డబ్బాలో పెడితే కాగి కాగి ఆగిపోతుంది."

"మరి పెద్దదే పెద్దదే అని ఎందుకు పట్టు పట్టినావు?"

ఆయన దోసె తుంచుకున్నాడు. "లేకుంటే కంప్యూటరే ఏమిటికని అడిగి ఉందువు."

దేవుడి ముందర నాటకమా అని కడిగేద్దామనుకున్నాను. బొడ్లో పొట్లం గుచ్చుకుంది. ఇంకో దోసె పోశాను.

"ఏది కావాలని ఇద్దరూ అడిగినారు. కావాలా వద్దా అని ఒక్కరూ అడగలేదు" అంది అత్త. "అడిగి ఉంటే పొట్లాలు నేనే కట్టి ఉందును. నీ పెళ్ళికీ నేనే కట్టినాను."

నేను దోసె తిప్పడం మరిచిపోయాను.

అత్త చెయ్యి చాపింది. "ఆ బొడ్లోది ఇట్ల ఇయ్యి. తెల్లపూవు పాప తలకు బాగుంటుంది."