ఫేబకు న్యాయం కావాలె

ఆ శనివారం పొద్దున ఫేబ అనుకున్న పని చిన్నదే. తొమ్మిదింటికల్లా ఊరి బయటి ఇంజనీరింగ్ కాలేజీకి చేరడం, తన రోబోను నల్లగీత మీద నడిపించడం, గెలిచినా ఓడినా జడ్జీలకు థ్యాంక్స్ చెప్పి ఇంటికి రావడం. పోటీ నిబంధనల్లో తొమ్మిదోది, "జడ్జీల తీర్పును క్రీడాస్ఫూర్తితో స్వీకరించాలి" అని ఉంది. ఆ కాగితాన్ని చివరిదాకా చదివిన విద్యార్థి మెదక్ మొత్తంలో ఫేబ ఒక్కతే అయి ఉంటుంది. చదవక ఏం చేస్తుంది? మాట్లాడటానికి పక్కన ఎవరూ లేరు.

నిజానికి పాలిటెక్నిక్‌లో వాళ్లది నలుగురి టీము. అది 2011 ఫిబ్రవరి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం బందుల వల్ల పోటీ రెండుసార్లు వాయిదా పడింది. మొదటి వాయిదాకు ఇద్దరు జారుకున్నారు. రెండో వాయిదాకు, మిగిలిన సుమన కూడా వేరే టీములో చేరిపోయింది.

"వాళ్ల దగ్గర మంచి మోటర్లున్నయే. ఏమనుకోకు" అని ఫోన్ చేసి చెప్పింది.

"ఏమనుకోను" అంది ఫేబ. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అనుకుంది.

తల్లి మార్తమ్మ దవాఖానాలో నర్సు. డ్యూటీకి పోతూ పోతూ పెరట్లో మూడు గులాబీలు కోసి కూతురి చేతిలో పెట్టింది. "ఉత్త చేతులతోని థ్యాంక్స్ ఏం చెప్తవు బిడ్డా? ముగ్గురు జడ్జీలకు మూడు పువ్వులియ్యి."

కాలేజీ గేటు దగ్గర పేర్లు రాసుకునే చంద్రకాంత్ సార్ తల ఎత్తకుండానే అడిగాడు. "టీం కెప్టెన్?"

"నేనే సార్."

"రోబో నడిపేది?"

"నేనే."

"మిగిలినోళ్లు?"

"రాలే సార్."

అయినా నలుగురి లెక్కన నాలుగు భోజనం టోకెన్లు ఇచ్చాడు.

టిఫిన్ డబ్బా మూతకు రెండు చక్రాలు తగిలించిన ఆ రోబో, కిటికీలోంచి ఎండ పడ్డచోట కాసేపు తికమకపడి, మళ్ళీ గీత పట్టుకుని చివరిదాకా పోయింది. ఫేబ చప్పట్లు కొట్టింది. హాలులో ఇంకెవరూ కొట్టకపోయేసరికి చేతులు వెనక్కి పెట్టుకుంది.

మూడో ర్యాంకు వచ్చింది. మొదటి రెండు టీములే పై పోటీకి హైదరాబాద్ పోతాయి. అయినా ఒక్కతే చేసి మూడో స్థానం తెచ్చుకున్నందుకు ఫేబ గుండె నిండిపోయింది. గులాబీలు పట్టుకుని జడ్జీల టేబుల్ దగ్గరికి నడిచింది.

ఆ రోజుల్లో మెదక్‌లో ఎవరైనా గులాబీ చేతికిచ్చారంటే అది మెచ్చుకోలు కాదు, నిరసన. పోయిన వారమే ఉద్యమకారులు ఒక ఆఫీసుకు వచ్చి సిబ్బంది అందరికీ నవ్వుతూ పువ్వులిచ్చి, రెండు రోజులు తాళం వేయించారు. పెద్ద జడ్జి కరుణాకర్ సార్ ఏదో సర్టిఫికెట్ కోసం పోయి, ఆ రోజు ఆ ఆఫీసు లోపలే ఉండిపోయాడు.

"మీ తీర్పుకు థ్యాంక్స్ సార్" అంది ఫేబ, ముగ్గురికీ తలో పువ్వు ఇచ్చి.

సార్ ముఖం పాలిపోయింది. "ఏం తప్పు జరిగింది బిడ్డా?"

"ఏం తప్పు జరగలే సార్."

"కోపమొచ్చిందా?"

"లేదు సార్. మస్తు సంతోషమైంది."

సార్‌కు చెమటలు పట్టాయి. ఒక్క ఆడపిల్ల ఇంత నిమ్మళంగా మాట్లాడుతోందంటే వెనక ఎంతమంది ఉన్నారో అనుకున్నాడు.

భోజనాల దగ్గర టీములన్నీ నలుగురేసి కూర్చున్నాయి. చేతిలో నాలుగు టోకెన్లతో ఒక్కతే ఎక్కడ కూర్చోవాలో ఫేబకు తెలియలేదు. వచ్చి వరండా మెట్ల మీద కూర్చుంది.

చంద్రకాంత్ సార్ అటుగా వచ్చాడు. "తిన్నవా అమ్మా?"

"వద్దు సార్. ఆకలైతలేదు."

ఆయన పరుగున లోపలికి పోయాడు. "పువ్వులిచ్చిన పిల్ల అన్నం ముడుతలేదు సార్!" ఆ మాట విన్న విద్యార్థులు బయటికొచ్చి ఇంకోలా చెప్పారు. "దీక్షల కూసున్నదంట!" పది నిమిషాల్లో ఐదుగురు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. అరగంటలో నలభై మంది అయ్యారు. "ఫేబకు న్యాయం కావాలె!" అని నినాదాలు మొదలయ్యాయి.

తన పేరు విని ఫేబ ఉలిక్కిపడింది. పక్కన మోకాలికి మోకాలు తగిలించుకుని కూర్చున్న శంకరంపేట పిల్ల భూలక్ష్మిని అడిగింది. "ఎవరా ఫేబ? నీకు ఎరుకేనా?"

"ఎరుక లేదు. జడ్జీలు అన్యాయం చేసిన్రంట. పాపం, ఒక్కతే ఉన్నదంట" అంది భూలక్ష్మి.

అది నేనే, నాకేం అన్యాయం జరగలేదు అని చెప్పాల్సింది. రెండు నిమిషాలాగి చెబుదామనుకుంది. పొద్దుటినుంచీ తన పక్కన ఒక మనిషి కూర్చోవడం ఇదే మొదలు. సుమన కూడా వచ్చి వెనక మెట్టు మీద కూర్చుంది. రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి.

ఇంతలో కరుణాకర్ సార్ నిమ్మరసం గ్లాసు పట్టుకుని వచ్చాడు. "మీకు రెండో ర్యాంకు ఇస్తం. జర దీక్ష విరమించుండ్రి" అన్నాడు.

ఫేబ లేచి నిలబడింది. "నేను దీక్ష చేస్తలేను సార్. ఒక్కసారి నా మార్కుల కాగితం చూపియ్యుండ్రి."

కాగితంలో ఇరవై నాలుగు, ఇరవై ఒకటి, పద్దెనిమిది ఉన్నాయి. కింద మొత్తం డెబ్బై మూడు అని ఉంది. ఫేబ వేలు ఆ అంకె మీద ఆగింది. నోరు మూసుకుంటే రెండో ర్యాంకు, హైదరాబాద్, చుట్టూ నలభై మంది.

"సార్, పది ఎక్కువ వేసిన్రు. అరవై మూడే" అంది.

మళ్ళీ లెక్క వేస్తే ఆమెది ఆరో ర్యాంకు. సుమన టీము నాలుగు నుంచి మూడుకు ఎక్కింది.

"గిదేందక్కా? గిందుకా మేము అన్నం ఇడిశిపెట్టి కూసున్నది?" భూలక్ష్మి బట్టలు దులుపుకుని లేచింది. రెండు నిమిషాల్లో వరండా ఖాళీ అయింది. సుమనను వాళ్ల టీము పిలిచింది. ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, వెళ్ళిపోయింది.

"మరి పువ్వులెందుకిచ్చినవమ్మా?" కరుణాకర్ సార్ అడిగాడు.

"తొమ్మిదో నిబంధన ఉన్నది కద సార్."

"అది నేనే రాసిన. ఎవరన్న చదువుతరనుకోలే" అన్నాడు సార్. భయంతో ఆయనా మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఇద్దరూ మెట్ల మీదే కూర్చుని చల్లారిన అన్నం తిన్నారు. రెండు టోకెన్లు మిగిలిపోయాయి.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మార్తమ్మ చెప్పులు విప్పుతూనే అడిగింది. "ఎన్నో ర్యాంకొచ్చింది బిడ్డా?"

"ఆరు."

"అయ్యో! నీ దిక్కు మాట్లాడేటోళ్లు ఒక్కరన్న లేకపోయిరా?"

"నలభై మంది మాట్లాడిన్రమ్మా. ఎవ్వరు మాట్లాడకముందు మూడే ఉండె."